పాత ఆంగ్ల పత్రికలలో ‘ఫనాటిక్’ అనే మాట

చరిత్ర రచనకు పాత పత్రికలు విలువైన ఆధారాలు. పందొమ్మిదో శతాబ్దపు భారతీయ ముస్లింల గురించి రాయదలచిన వారు లండన్ ‘టైమ్స్’, అలహాబాదు ‘పయనీర్’, ‘మద్రాసు మెయిల్’ వంటి పత్రికల పాత సంచికలను తిరగవేయక తప్పదు. ఆ పుటలలో అడుగడుగునా ఎదురయ్యే మాట ‘ఫనాటిక్’. మలబారులో భూస్వామిపై కత్తి ఎత్తిన కౌలుదారు ఫనాటిక్. పెషావరులో తెల్లదొరను పొడిచిన పఠాను ఫనాటిక్. అవధ్‌లో సేనను నడిపిన మౌల్వీ ఫనాటిక్. సూడాన్ ఎడారిలో ఫిరంగులకు ఎదురు నడిచిన దర్వేషు కూడా ఫనాటికే.

తెలుగులో ఈ మాటకు సాధారణంగా ‘మతోన్మాది’ అని రాస్తారు. నిఘంటువు ప్రకారం అందులో తప్పేమీ లేదు. కాని ఆ ఒక్క మాట వెనుక కాలాన్ని బట్టి, రాసినవారిని బట్టి, ఎన్నో వేర్వేరు అర్థాలున్నాయి. ఏ సందర్భంలో ఏ అర్థముందో విచారించకుండా అన్నిచోట్లా ‘మతోన్మాది’ అని రాసేస్తే, ఎన్నడో ఒక కలెక్టరు తన సౌకర్యం కొద్దీ ఇచ్చిన తీర్పు నేటి తెలుగు పుస్తకంలో చారిత్రక సత్యంగా స్థిరపడిపోతుంది. కనుక ఈ మాట పుట్టుపూర్వోత్తరాలను కొంత వివరంగా పరిశీలించవలసి ఉంది.

గుడి నుంచి లండన్ వీధులకు

ఈ పదం లాటిన్ నుంచి వచ్చింది. ఆ భాషలో ‘ఫానుమ్’ అంటే దేవాలయం. ‘ఫనాతికుస్’ అంటే దేవాలయానికి సంబంధించినవాడు, దేవత ఆవహించి ఒళ్లు మరచినవాడు అని అర్థం. రోములో బెల్లోనా అనే యుద్ధదేవతను కొలిచే పూజారులు ఆవేశంలో తమ చేతులను తామే కత్తులతో కోసుకునేవారు. అలాంటివారిని ఈ మాటతో పిలిచేవారు. తెలుగు పల్లెల జాతరలలో ‘పూనకం’ అనే మాటకున్న అర్థమే దాదాపు ఆనాటి రోమన్ల నోట ఈ మాటకూ ఉండేది. అప్పటికి అందులో హత్య, తిరుగుబాటు అనే భావాలు లేవు.

పదహారో శతాబ్దంలో ఈ మాట ఇంగ్లీషులోకి వచ్చింది. పదిహేడో శతాబ్దపు నడుమ ఇంగ్లండులో అంతర్యుద్ధం జరిగి, రాజు శిరచ్ఛేదానికి గురై, మళ్లీ 1660లో రెండవ ఛార్లెస్ సింహాసనమెక్కాడు. ఆ రోజుల్లోనే ఇది రాజకీయపు మాటగా మారింది. ప్రభుత్వ చర్చిని అంగీకరించని క్రైస్తవ శాఖలన్నిటికీ కలిపి ‘ఫనాటిక్స్’ అని పేరు పెట్టారు. ఇంగ్లీషు వార్తాపత్రికలు ఈ మాటను మొదట వాడుకలోకి తెచ్చింది ముస్లింలపై కాదు, తోటి క్రైస్తవులపైనేనన్న సంగతి చాలామందికి తెలియదు.

1661 జనవరిలో థామస్ వెన్నర్ అనే వ్యక్తి సుమారు యాభైమంది అనుచరులతో లండన్ వీధుల్లో ఆయుధాలు పట్టి తిరుగుబాటు చేశాడు. లోకంలో నాలుగు సామ్రాజ్యాలు గడిచిపోయాయనీ, ఇక ఐదవదైన క్రీస్తు రాజ్యం రానున్నదనీ, దానికి దారి సుగమం చేయడం తమ విధి అనీ వారు నమ్మేవారు. నాలుగు రోజులలో తిరుగుబాటు అణగిపోయింది. ఆ నెలలోనే వెన్నర్‌ను ఉరితీశారు. ఆనాటి పత్రికలు, శామ్యూల్ పెపిస్ రాసుకున్న ప్రసిద్ధ దినచర్య, ఈ సంఘటనను ‘ఫనాటిక్కుల’ అలజడిగానే పేర్కొన్నాయి.

అసలు గమనించవలసింది ఆ తర్వాత జరిగినదాన్ని. కత్తి పట్టినవారు యాభైమంది. కాని ఆ పేరు కిందికి వచ్చేవారు వేలకొలది. జనవరి 10న వెలువడిన రాజశాసనం ఐదవ రాజ్యవాదులతో పాటు బాప్టిస్టుల సమావేశాలను, క్వేకర్ల సమావేశాలను కూడా నిషేధించింది. తిరుగుబాటుతో ఏ సంబంధమూ లేని క్వేకర్లు నాలుగు వేలమందికి పైగా జైళ్లపాలయ్యారు. తాము ఏ పరిస్థితిలోనూ ఆయుధం పట్టబోమని క్వేకర్లు అదే నెలలో రాజుకు ఒక ప్రకటన సమర్పించుకోవలసి వచ్చింది. కొద్దిమంది చేసిన పనికి ఒక సమాజమంతా సంజాయిషీ చెప్పుకోవలసిన స్థితిని ఒక మాట ఎలా కల్పిస్తుందో చెప్పడానికి ఇది తొలి ఉదాహరణలలో ఒకటి. రెండు శతాబ్దాల తర్వాత ఇదే స్థితి భారతదేశంలో ముస్లింలకు ఎదురైంది.

అర్థం మారిన తీరు

పద్దెనిమిదో శతాబ్దంలో ఈ మాట ఐరోపా మేధావుల చేతికి వచ్చింది. ఫ్రెంచి రచయిత వోల్టేర్ 1741లో ప్రదర్శింపజేసిన ఒక విషాద నాటకం పేరులో ‘ఫనాటిజం’ అనే మాటను దైవప్రవక్త (సఅసం) పేరుతో జతచేశాడు. ఆ నాటకంలోని కథ చరిత్ర కాదు, కల్పన. పైకి ఇస్లాంను చూపుతూ లోపల తన దేశపు చర్చినే దెబ్బకొడుతున్నాడని పారిస్‌లోని క్రైస్తవ మతపెద్దలు అనుమానించారు. 1742లో అక్కడ మూడు ప్రదర్శనలతో నాటకం ఆగిపోయింది. అయినా ఆ జత చెక్కుచెదరలేదు. తర్వాతి తరాల పాఠకుడికి ఫనాటిజం అనగానే ఇస్లాం గుర్తుకు రావడానికి ఇలాంటి రచనలు బాటవేశాయి.

అదే శతాబ్దం చివర ఫ్రెంచి విప్లవం వచ్చినప్పుడు ఇంగ్లండులో ఎడ్మండ్ బర్క్ ఇదే నిందను మతాన్నే తిరస్కరించిన విప్లవకారులపై మోపాడు. అంటే దేవుని పేరు చెప్పేవారికీ, దేవుడే లేడనేవారికీ ఈ మాట సమానంగా సరిపోయింది.

అమెరికాలో మరో మలుపు తిరిగింది. 1831 జనవరి 1న విలియం లాయిడ్ గారిసన్ బోస్టన్‌లో ‘లిబరేటర్’ అనే పత్రికను ప్రారంభించి, నీగ్రో బానిసలను వెంటనే విడుదల చేయాలని ఉద్యమించాడు. దక్షిణ రాష్ట్రాల పత్రికలు అతనినీ, అతని సహచరులనూ ఫనాటిక్కులని నిందించాయి. 1835 అక్టోబరులో బోస్టన్‌లోనే ఒక మూక గారిసన్‌ను తాడుతో కట్టి వీధుల్లోకి ఈడ్చింది. 1837లో ఎలైజా లవ్‌జాయ్ అనే పత్రికా సంపాదకుడు తన ముద్రణాయంత్రాన్ని కాపాడుకునే ప్రయత్నంలో మూక చేతిలో ప్రాణాలు కోల్పోయాడు. మనిషిని మనిషి అమ్మరాదు అన్నవాడికి నాడు ఫనాటిక్ అని పేరు. ఈ వార్తలలోని మాటను నేడు ఎవరూ ‘మతోన్మాది’ అని అనువదించరు, అనువదించలేరు కూడా. అక్కడ దాని అర్థం ‘మాకు ఇబ్బంది కలిగించే సిద్ధాంతాన్ని విడవని మొండివాడు’ అని మాత్రమే.

ఆ శతాబ్దం చివరి దశకాలలో అమెరికాలో బేస్‌బాల్ ఆట వార్తలు రాసేవారు ఆటపై మక్కువగల ప్రేక్షకులను ‘ఫ్యాన్స్’ అనడం మొదలుపెట్టారు. ఇది ‘ఫనాటిక్’కు కుదింపు అని ఎక్కువమంది భాషావేత్తల అభిప్రాయం. నేడు తెలుగునాట సినిమా నటుల అభిమానులు గర్వంగా చెప్పుకునే ‘ఫ్యాన్’ అనే మాట ఇదే. ఒకే మాట ఒక రూపంలో ఉరికంబానికి కారణమైంది, మరో రూపంలో అభిమాన సంఘానికి పేరైంది.

మలబారు: ఒకే సంఘటనలు, రెండు నివేదికలు

భారతదేశంలో ఈ మాట చేసిన పని ఏమిటో తెలుసుకోవడానికి మలబారును మించిన ఉదాహరణ లేదు. నాడు మలబారు, ఆంధ్ర జిల్లాలు ఒకే మద్రాసు రాజధాని కింద ఉండేవి. రెండింటి కాగితాలూ ఒకే కోటకు చేరేవి.

1836 నుంచి 1854 వరకు మలబారు దక్షిణ తాలూకాలలో మాప్పిళ ముస్లింలు ఇరవైకి పైగా సార్లు తిరగబడ్డారు. ప్రతిసారీ కొద్దిమంది ఆయుధాలతో బయలుదేరి, ఒక జన్మినో, అధికారినో చంపి, ఆ తర్వాత సైనికులతో పోరాడి చనిపోయేవారు. లొంగిపోవడం చాలా అరుదు. ప్రభుత్వం 1852లో సదర్ అదాలత్ న్యాయమూర్తి టి. ఎల్. స్ట్రేంజ్‌ను ప్రత్యేక కమిషనరుగా నియమించి కారణాలు విచారించమన్నది. భూమి తగాదాలు అసలు కారణం కావనీ, మతోద్రేకమే కారణమనీ స్ట్రేంజ్ తేల్చాడు. దాని ఫలితంగా 1854లో రెండు చట్టాలు వచ్చాయి. ఒకటి మాప్పిళల అల్లర్లను అణచే చట్టం. అల్లరి జరిగిన ప్రాంతంలోని మాప్పిళలందరిపైనా సామూహిక జరిమానా వేసే అధికారం దీని వల్ల కలిగింది. రెండవది వారి యుద్ధ కత్తులను నిషేధించే చట్టం. దీనికి ముందే 1852 మార్చిలో మంబురానికి చెందిన సయ్యద్ ఫజల్ అనే ధర్మపండితుడు ప్రభుత్వ ఒత్తిడిపై కుటుంబంతో సహా అరేబియాకు వెళ్లిపోవలసి వచ్చింది. 1855 సెప్టెంబరు 11న కలెక్టరు కనోలీని జైలు నుంచి తప్పించుకున్న కొందరు మాప్పిళలు అతని ఇంటి వసారాలోనే నరికి చంపారు. పత్రికలకు ఇక వేరే రుజువు అక్కరలేకపోయింది.

పాతికేళ్ల తర్వాత, 1881లో, అదే ప్రభుత్వం అదే జిల్లాకు విలియం లోగన్ అనే అధికారిని భూమి హక్కుల విషయం విచారించడానికి ప్రత్యేక కమిషనరుగా నియమించింది. మలబారులో కలెక్టరుగా పనిచేసిన లోగన్‌కు అక్కడి భాష, ఆచారాలు బాగా తెలుసు. 1882లో సమర్పించిన నివేదికలో అతడు కథను మొదటి నుంచి చెప్పాడు. పూర్వం మలబారులో పంట మీద జన్మికీ, కానందారుకూ, సాగుచేసేవాడికీ ఆచారం ప్రకారం వాటాలుండేవి. భూమికి ఏకైక యజమాని అనేవాడెవడూ లేడు. 1792లో ఆ ప్రాంతం ఆంగ్లేయుల చేతికి వచ్చాక, వారు తమ దేశపు భూస్వామిని మనసులో పెట్టుకొని జన్మిని సంపూర్ణ యజమానిగా గుర్తించారు. కోర్టులు ఆ లెక్కనే తీర్పులిచ్చాయి. కౌలుదారును వెళ్లగొట్టడం, కౌలు పెంచడం జన్మి ఇష్టమైపోయింది. తరతరాలుగా సాగుచేస్తున్న కుటుంబాలు వీధిన పడ్డాయి. అల్లర్ల మూలం ఇక్కడుందని లోగన్ తేల్చాడు.

సంఘటనలు ఒకటే, చనిపోయినవారు వారే, కాగితాలూ చాలావరకు అవే. స్ట్రేంజ్ ‘ఎవరు చేశారు’ అని అడిగి, వారి మతం పేరు చెప్పి అక్కడితో ఆగిపోయాడు. లోగన్ ‘ఎందుకు చేశారు’ అని అడిగాడు. మొదటి నివేదిక నుంచి జరిమానాలు, ప్రవాసాలు వచ్చాయి. రెండవ నివేదిక తర్వాత, లోగన్ సూచించినంతగా కాకపోయినా, కౌలుదారులు భూమికి చేసిన అభివృద్ధికి పరిహారమిచ్చే చట్టం 1887లో వచ్చింది. ఒక మాటను నమ్మడం, నమ్మకపోవడం అనేదానిపై వేలాది కుటుంబాల బతుకు ఆధారపడి ఉందనడానికి ఇంతకంటే రుజువు వేరే అక్కరలేదు.

ఇక్కడ ఒక విషయం నిష్పక్షపాతంగా చెప్పుకోవాలి. మాప్పిళల తిరుగుబాట్లలో మతభావం లేదనడం సత్యదూరం. వారు ప్రార్థనలు చేసి, షహాదత్ కోరి బయలుదేరేవారు. చంపినవారిలో అన్యాయం చేసినవారితో పాటు నిరపరాధులూ ఉన్నారు. 1921 తిరుగుబాటులో హిందువుల హత్యలు, బలవంతపు మతమార్పిడులు జరిగాయి. నిరపరాధిని చంపడాన్ని ఏ పేదరికమూ, ఏ పన్నూ సమర్థించదు, ధర్మం అసలే సమర్థించదు. అయితే కౌలుదారు ఎందుకు కత్తి పట్టాడో చెప్పడం వేరు, అతడు చేసింది ఒప్పు అనడం వేరు. ‘ఫనాటిక్’ అనే మాట ఈ రెండింటినీ కలిపేసి, కారణం అడిగేవాడిని కూడా నేరస్థుడి పక్షపాతిగా నిలబెడుతుంది. లోగన్ వంటి ప్రభుత్వోద్యోగి ఆ భయానికి లొంగకపోవడం మెచ్చదగిన విషయం.

పత్రిక నుంచి చట్టంలోకి

వాయవ్య సరిహద్దులో ఈ మాట మరో మెట్టు ఎక్కింది. అక్కడ అది నేరుగా శాసనంలో చేరింది. 1867లో పంజాబు సరిహద్దు జిల్లాల కోసం చేసిన హత్యాకాండ నిరోధక చట్టం ‘ఫనాటిక్’ అనే మాటను ఉపయోగించి, అలాంటివాడు ప్రభుత్వ సేవకులను గాని ఇతరులను గాని చంపినా, చంపబోయినా మామూలు న్యాయవిచారణ అక్కరలేకుండా శిక్షించే అధికారం ఇచ్చింది. తీర్పుపై అప్పీలు లేదు. ఆస్తి జప్తు అవుతుంది. శవాన్ని ఏం చేయాలో కూడా అధికారే నిర్ణయిస్తాడు. ఖననాన్ని ధర్మవిధిగా భావించే సమాజంలో ఈ చివరి నిబంధన ఎవరిని ఉద్దేశించినదో వేరే చెప్పనక్కరలేదు. ఒకే కత్తితో ఒకే రకంగా హత్య చేసిన ఇద్దరిలో ఒకడు మామూలు కోర్టుకు, రెండవవాడు ఈ కోర్టుకు వెళ్లడానికి తేడా చేసిన పనిలో లేదు. అతనికి తగిలించిన పేరులో ఉంది.

ఆ కాలపు పత్రికల ధోరణిని రెండు హత్యలు మరింత తీవ్రం చేశాయి. 1871 సెప్టెంబరులో కలకత్తాలో తాత్కాలిక ప్రధాన న్యాయమూర్తి నార్మన్‌ను అబ్దుల్లా అనే వ్యక్తి పొడిచి చంపాడు. 1872 ఫిబ్రవరి 8న అండమాన్‌లో వైస్రాయి మేయోను షేర్ అలీ అఫ్రీదీ హత్య చేశాడు. ఈ రెండింటి వెనుక వహాబీల కుట్ర ఉందని ఆంగ్ల పత్రికలు అనుమానించాయి. షేర్ అలీ పూర్వం పంజాబు అశ్వదళ పోలీసులో ఆంగ్లేయుల కింద పనిచేసినవాడు. వంశపగలో ఒక బంధువును చంపినందుకు ద్వీపాంతర శిక్ష పడినవాడు. కుట్ర రుజువు కాలేదు. అయినా అనుమానం మాత్రం సమాజమంతటి మీదా నిలిచిపోయింది.

1871లోనే డబ్ల్యు. డబ్ల్యు. హంటర్ రాసిన ‘ఇండియన్ ముసల్మాన్స్’ అనే గ్రంథం వెలువడింది. రాణిపై తిరుగుబాటు చేయడం ముస్లింల మతధర్మమా అన్నది దాని ప్రశ్న. సరిహద్దులోని సయ్యద్ అహ్మద్ బరేల్వీ అనుచరులను హంటర్ ఫనాటిక్కులుగానే చిత్రించాడు. విచిత్రమేమంటే, ఆ గ్రంథపు చివరి అధ్యాయంలో బెంగాలు ముస్లింలు భూములు, ఉద్యోగాలు, విద్యా ధర్మాదాయాలు ఎలా కోల్పోయారో అతడే వివరంగా రాశాడు. అంటే కారణాలు అతనికి తెలియకపోలేదు. పుస్తకంలోని మొదటి అధ్యాయాలే పత్రికలలో ఎక్కువగా ప్రచారమయ్యాయి.

1897లో మలాకండ్‌లో జరిగిన తిరుగుబాటుకు నాయకుడైన సైదుల్లాకు ఆంగ్లేయులు పెట్టిన పేరు ‘పిచ్చి ముల్లా’. నాడు 22 ఏళ్ల యువకుడైన విన్‌స్టన్ చర్చిల్ ఆ దండయాత్ర వార్తలను లండన్ ‘డెయిలీ టెలిగ్రాఫ్’కు, ‘పయనీర్’కు పంపాడు. ఆ కథనాలలో మతావేశమే ముఖ్య పాత్ర. 1893లో గీసిన డ్యూరాండ్ సరిహద్దు, 1895 తర్వాత చిత్రాల్ దారిలో నిలిపిన సైన్యం, స్వాతంత్ర్యం పోతుందన్న పఠానుల భయం వెనక్కు వెళ్లాయి. ఆ సైన్యాన్ని ఉంచడం ఇచ్చిన మాట తప్పడమేనని ఇంగ్లండులోని ప్రతిపక్షమే విమర్శించింది. పిచ్చివాడి వెంట నడిచిన జనానికి కారణాలుంటాయని పాఠకుడు ఎదురుచూడడు. ఆ పేరు పెట్టడంలోని ప్రయోజనం అదే.

మరికొన్ని చోట్ల ఈ మాట శత్రువు ధైర్యానికి పేరుగా వాడబడింది. 1898 సెప్టెంబరు 2న ఓమ్‌దుర్మాన్ యుద్ధంలో పదివేలమందికి పైగా సూడానీలు ఆంగ్లేయుల మాక్సిమ్ తుపాకులకు బలయ్యారు. ఆంగ్ల, ఈజిప్టు సేనల్లో చనిపోయినవారు యాభైలోపే. దర్వేషుల శౌర్యాన్ని విలేఖరులు మెచ్చుకున్నారు. కాని తమ సైనికుడు అలా చనిపోతే దేశభక్తి అనేవారు, వీరు చనిపోతే ఫనాటిజం అన్నారు. ఈ తేడాను గుర్తించిన ఆంగ్లేయులు లేకపోలేదు. 1857లో అవధ్‌లో పోరాడిన మౌల్వీ అహ్మదుల్లా షా తలకు ప్రభుత్వం యాభైవేల రూపాయల వెల కట్టింది. ఆంగ్ల చరిత్రకారుడు మాలెసన్ ఆ మౌల్వీని నిజమైన దేశభక్తుడని రాశాడు.

హైదరాబాదు విషయమూ ఇక్కడ ప్రస్తావించదగినదే. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్‌ల నాయకత్వంలో రొహిల్లాలు రెసిడెన్సీపై దాడిచేశారు. దానికి ముందు చీదా ఖాన్ అనే జమాదారును, అతని సహచరులను నిజాం ప్రభుత్వం ఆంగ్లేయులకు అప్పగించింది. వారిని విడిపించాలన్నదే మక్కా మసీదు దగ్గర చేరిన జనం కోరిక. ఈ సంఘటనను ‘మతోన్మాదుల దాడి’ అని ఒక్క ముక్కలో చెప్పేస్తే చీదా ఖాన్ పేరే కనిపించకుండా పోతుంది.

ముస్లిం పత్రికల సమాధానం

ఈ నిందకు ముస్లింలు ఊరుకోలేదు. వారు కూడా పత్రికల ద్వారానే సమాధానమిచ్చారు. అయితే ఆ సమాధానాలు ఒకే రకంగా లేవు. ‘ఫనాటిజం’కు సమానంగా వారు తీసుకున్న అరబీ మాట ‘తఅస్సుబ్’. దాని మూలధాతువుకు బిగించి కట్టడం అని అర్థం. తన వర్గంతో గట్టిగా ముడిపడి ఉండడమే తఅస్సుబ్.

సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1871 నవంబరు నుంచి ‘పయనీర్’ పత్రికలోనే హంటర్ గ్రంథాన్ని వరుసగా ఖండిస్తూ వ్యాసాలు రాశారు. బెంగాలులోని కొందరిని చూసి దేశంలోని ముస్లింలందరిపై తీర్పు చెప్పడం అన్యాయమని వాదించారు. అదే సమయంలో తమ ఉర్దూ పత్రిక ‘తహజీబుల్ అఖ్లాక్’లో తఅస్సుబ్‌ను ముస్లింలు వదలవలసిన దుర్గుణంగా విమర్శించారు. బయటివారికి చెప్పవలసింది బయటివారికి, ఇంటివారికి చెప్పవలసింది ఇంటివారికి చెప్పడం వారి పద్ధతి.

జమాలుద్దీన్ అఫ్గానీ మార్గం వేరు. 1880 ప్రాంతాలలో హైదరాబాదులో నివసించి, అక్కడి ‘ముఅల్లిమె షఫీఖ్’ పత్రికలో వ్యాసాలు రాసిన ఆయన, 1884లో పారిస్ నుంచి ముహమ్మద్ అబ్దుహుతో కలిసి ‘అల్ ఉర్వతుల్ వుస్ఖా’ అనే అరబీ పత్రికను నడిపారు. ఆంగ్లేయులు దానిని ఈజిప్టులోకీ, భారతదేశంలోకీ రానివ్వలేదు. అందులో ‘తఅస్సుబ్’ శీర్షికతోనే ఒక వ్యాసం వెలువడింది. జాతి పేరిట ఐక్యతను దేశభక్తి అని పొగిడేవారు ధర్మం పేరిట ఐక్యతను మాత్రం ఎందుకు నిందిస్తున్నారన్నది దాని సారాంశం. మితిమీరి అన్యాయానికి దారితీసినప్పుడే అది దోషమని కూడా అందులో ఉంది.

ఒకే మాటను ఒకరు రోగం అన్నారు, మరొకరు బలం అన్నారు. ఇద్దరూ తమ సమాజ శ్రేయస్సునే కోరారు. నేడు ఉర్దూలో తఅస్సుబ్ అంటే ఎక్కువగా పక్షపాతం, వివక్ష అనే అర్థమే వినిపిస్తుంది. కనుక ఈ ముగ్గురి వాడుకనూ తెలుగులో ‘మతోన్మాదం’ అని రాస్తే ముగ్గురికీ అన్యాయం చేసినట్లే. ధర్మంలో హద్దుమీరడానికి దివ్య ఖుర్ఆన్ వాడిన మాట వేరు. అది ‘గులూ’. ఆ దోషం ఉందని ఇస్లాం ఎన్నడూ దాచలేదు, దానిని వారించింది.

అనువాదకుని బాధ్యత

మాటల అర్థాలు మారడం ప్రతి భాషలోనూ ఉన్నదే. 1879లోను, 1922–24లోను గోదావరి, విశాఖ మన్యంలో జరిగిన తిరుగుబాట్లను ప్రభుత్వ కాగితాలలో ‘ఫితూరీ’ అన్నారు. హిందుస్తానీ నుంచి వచ్చిన ఈ మాట తెలుగులో ‘పితూరీ’ అయింది. నేడు తెలుగువారి ఇళ్లలో పితూరీ అంటే ఒకరిపై మరొకరు చెప్పే చాడీ. రంప పితూరీని ఎవరైనా ‘రంపలోని చాడీలు’ అని మరో భాషలోకి అనువదిస్తే తెలుగువారు నవ్వుతారు. మలబారు రైతుకు, గారిసన్‌కు, ఓమ్‌దుర్మాన్ సైనికుడికి ఒకే మాట తగిలించే అనువాదం కూడా అలాంటిదే. అయితే అది ఎవరికీ నవ్వు తెప్పించదు.

పాత పత్రికను తెలుగులోకి తెచ్చేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవడం మంచిది. ఆ మాట రాసినవాడు కళ్లతో చూసిన ప్రవర్తనను వర్ణిస్తున్నాడా, లేక చూడని మనసుపై తీర్పు చెబుతున్నాడా? చట్టంలోని మాటను చట్టపు అర్థంలో వాడుతున్నాడా? ఆ మాట తీసివేస్తే వార్తలో ‘ఎందుకు’ అనే ప్రశ్నకు సమాధానం ఏదైనా మిగులుతుందా? మొదటి సందర్భంలో ‘మతావేశం’ అనే మాట సరిపోవచ్చు. రెండవ సందర్భంలో ‘ఫనాటిక్ అని చట్టం పేర్కొన్న వ్యక్తి’ అని రాయాలి. మూడవ సందర్భంలో ఏమీ మిగలకపోతే, అక్కడ పత్రిక దాచిన విషయమేదో ఉందని తెలుసుకొని, కలెక్టరు కాగితాలలో, భూమి లెక్కలలో, కోర్టు తీర్పులలో వెదకాలి.

ఆ మాటను పూర్తిగా తుడిచివేసి ‘వీరుడు’ అనో, ‘స్వాతంత్ర్య యోధుడు’ అనో మార్చడం కూడా న్యాయం కాదు. పత్రిక ఏమన్నదో పాఠకుడికి తెలియాలి. ఆ పత్రిక అన్నదన్న సంగతీ తెలియాలి. 1857 తర్వాత రాసిన కొందరు ముస్లిం రచయితలే తిరగబడినవారిని ‘ముఫ్సిద్’, ‘నమక్ హరామ్’ అన్నారు. ఆ మాటలనూ ఉన్నవి ఉన్నట్లు, ఎవరి నోటివో చెప్పి, చూపవలసిందే. ద్వేషం కారణంగా న్యాయం తప్పరాదన్న దివ్య ఖుర్ఆన్ ఆదేశం శత్రువు రాతను చదివేటప్పుడూ వర్తిస్తుంది, సొంతవారి రాతను చదివేటప్పుడూ వర్తిస్తుంది.

ఇది గడిచిపోయిన వ్యవహారమేమీ కాదు. 1921 నవంబరులో తిరూరు నుంచి బయలుదేరిన గూడ్సు పెట్టెలో ఊపిరాడక దాదాపు 70 మంది ఖైదీలు చనిపోయారు. వారిలో అత్యధికులు మాప్పిళలు. ఆ తిరుగుబాటులో పాల్గొన్నవారిని కేరళ ప్రభుత్వం 1971లో స్వాతంత్ర్య సమరయోధులుగా గుర్తించింది. 2021లో, సరిగ్గా నూరేళ్లకు, వారిలో 387 మంది పేర్లను స్వాతంత్ర్య పోరాట అమరుల జాబితా నుంచి తొలగించాలని భారత చరిత్ర పరిశోధన మండలికి చెందిన ఒక సంఘం సిఫారసు చేసినట్లు పత్రికలలో వచ్చింది. 1852 నాటి స్ట్రేంజ్, 1882 నాటి లోగన్ ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారన్నమాట. ఆ 387 మందిలో ప్రతి ఒక్కరి కథా వేరు. ఎవరు అన్యాయాన్ని ఎదిరించారు, ఎవరు అన్యాయం చేశారు అన్నది ఒక్కొక్కరి విషయంలో విడివిడిగా, సాక్ష్యాధారాలతో తేల్చవలసిన పని. లోగన్ తాలూకాలు తిరిగి, కౌలుదారుల మాటలు విని చేసింది అదే.